అంబాసిడర్ టాప్ సొట్టపోతే మార్చాలా, కొట్టించాలా?

చెట్టుకొమ్మ పడి మీ నాన్నగారి అంబాసిడర్ టాప్ లోపలికి దిగిపోయిందనీ, గుంటూరులో ఇద్దరు మేస్త్రీలు టాప్ మొత్తం మార్చేయమన్నారనీ రాశారు. మార్చకండి. నూటికి తొంభై బళ్ళకి ఆ అవసరం రాదు. ఆ ఇద్దరిలో ఒక్కరైనా టాప్ లోపలివైపు ఉండే లైనింగ్ విప్పి చూశారా? పైనుంచి రెండుసార్లు తట్టి రేటు చెప్పేవాళ్ళకి బండి ఇస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

మాది 1980 మోడల్ అంబాసిడర్. విజయవాడ పటమటలో ఇంటిముందు వేపచెట్టు కింద ఉండేది. ఓ మే నెల సాయంత్రం ఈదురుగాలికి కొమ్మ విరిగి టాప్ మీద పడింది. అన్నం పళ్ళెమంత సొట్ట. దగ్గర్లోని షాపులో ఇస్తే మూడు రోజుల్లో అద్దంలా చేసిచ్చాడు. మురిసిపోయాం. మరుసటి వేసవికి ఆ అద్దం కాస్తా ఎండిన చెరువులా బీటలిచ్చింది. గోటితో గీకితే పెచ్చు లేచొచ్చింది, దిబ్బరొట్టె అంత మందం! మహానుభావుడు సుత్తి ముట్టుకోనేలేదు, సొట్ట నిండా లప్పం పూసి రంగు కొట్టేశాడు. లప్పం పల్చగా పూసే వస్తువండీ, గుంటలు పూడ్చేది కాదు. మన ఎండకి రేకు సాగి ముడుచుకుంటుంటే అంత మందం లప్పం దాన్ని పట్టుకుని ఉంటుందా?

అప్పుడు విజయవాడలోనే బళ్ళు బాగుచేసే షాపులుండే ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన రేటు మాటే ఎత్తలేదు. అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి టాప్ అంతా తిప్పాడు, లప్పం ఉన్నచోటల్లా జారిపోయింది. ముందూ వెనకా అద్దాలు తీయించి లైనింగ్ దించాక పిలిచి చూపించాడు. సొట్టకి జానెడు దూరంలో నాలుగు బొక్కలు. వాటిలో ఎప్పుడో కుక్కిన ఎం-సీల్, చుట్టూ తుప్పు.

"మైకు బండా సార్ ఇది?"

పక్కనే ఉన్న నాన్న, "ఎవరిదో పెళ్ళికిచ్చాం" అన్నాడు.

"పెళ్ళికి టాప్ మీద మైకెందుకండీ?"

1983 ఎన్నికలకి స్నేహితుడు అడిగితే ఇచ్చాట్ట. అమ్మ వద్దంటున్నా. నలభై ఏళ్ళు ఆ రహస్యం లైనింగ్ వెనక దాక్కుంది. అసలు సామాన్లు కట్టే క్యారేజీని గట్టర్‌కి, అంటే టాప్ అంచున వాననీళ్ళు పోయే కాలవకి బిగించి దానిమీద మైకు కట్టుకోవచ్చు కదా, రేకుకి బెజ్జాలు పెట్టడం ఏం బుద్ధి?

పని చూడాలి ఆయనది. లోపల డాలీ, అంటే చేత్తో పట్టుకునే ఇనుప దిమ్మ ఆనించి, సొట్టని అంచుల నుంచి మధ్యకి చిన్న దెబ్బలతో ఎత్తుకొచ్చాడు. ఎత్తాక రేకు సాగిపోయి, వేలితో నొక్కితే డబ్ డబ్‌మని లోపలికీ బయటికీ ఆడుతోంది. అప్పుడు గ్యాస్ మంటతో రూపాయి బిళ్ళంత చోట ఎర్రగా కాల్చి, చుట్టూ చెక్కసుత్తితో తట్టి, తడిగుడ్డ అద్దాడు. చుస్‌మంది. అలా ఒక్కో చుక్కా పెడుతూ పోతే సాయంత్రానికి ఆ డబడబ ఆగిపోయింది. తుప్పు భాగం కత్తిరించి అదే మందం రేకు ముక్క అతికేటప్పుడు కూడా అంతే, ఇక్కడో చుక్క వెల్డింగ్, చల్లారాక అటుపక్క ఇంకో చుక్క. "ఒకేసారి లాగిస్తే అప్పడంలా వంకర్లు పోద్ది బాబూ" అన్నాడు. మొత్తం పదకొండు రోజులు పట్టింది.

మరి టాప్ ఎప్పుడు మార్చాలి? టాప్‌ని మోసే పిల్లర్లు వంగి తలుపులు సరిగ్గా పడకపోతే, లేదా గట్టర్ పొడుగునా తుప్పు తినేసి టాప్‌ని పట్టుకునే రేకే లేకపోతే. అప్పుడు తుక్కుబండి టాప్‌ని పిల్లర్లతో సహా కోయించి తెచ్చుకోవాలి. గట్టర్ వెంబడి ఉన్న చుక్క వెల్డింగులు ఒక్కొక్కటే డ్రిల్ చేసి పాతది విప్పాలి. కోసేముందు లోపల అడ్డకడ్డీలు వెల్డ్ చేయించడం మర్చిపోవద్దు. అంబాసిడర్‌కి లారీలాగా అడుగున వేరే ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. టాప్ తీయగానే బాడీ సాగిందంటే ఆ తలుపులు జన్మలో పడవు. అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి, కొత్త టాప్ తెప్పిస్తానని ఎవరైనా అంటే ముందు వస్తువు చూపించమనండి.

అన్నట్టు, మీ బండిని వింటేజ్ అని రాశారు. కేంద్రం 2021లో తెచ్చిన మోటారు వాహనాల రూల్స్ ప్రకారం 50 ఏళ్ళు దాటితేనే వింటేజ్. మాదే ఇంకా కాలేదు. పెళ్ళి ఫొటోలవాళ్ళు మాత్రం ఆ పేరు చెప్పి వారానికొకడు గేటు కొడతాడు.

ఆటోనగర్‌కి తెచ్చేటట్టయితే పొద్దున్నే రండి. సొట్ట లోతు చేత్తో తడిమి చూడాల్సిందే, పదకొండు దాటితే ఆ రేకు మీద చెయ్యి పెట్టలేరు.