పండుగను ఒక్క పూటలోకి కుక్కకండి

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ఇంచుమించు క్రిస్మస్ చుట్టూనే తిరిగాయి. ఇంట్లో పసిపిల్లలు, రెండు వైపుల పెద్దవాళ్లు, అత్తలూ బాబాయిలూ, వాళ్ల పిల్లలూ. అందరినీ కలుపుకొని పండుగ చేసుకోవాలన్న ఆరాటం ప్రతి ఉత్తరంలోనూ కనిపించింది. చిన్నపిల్లల బడిలోనూ సండే స్కూలులోనూ చాలాకాలం పనిచేసినదాన్ని కాబట్టి ఈ ఉత్తరాలు నాకు ఎంతో ఇష్టంగా అనిపించాయి. కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, మాకు నాలుగేళ్ల బాబు, ఏడాదిన్నర పాప ఉన్నారు. క్రిస్మస్ రోజు మధ్యాహ్నం అత్తగారింట్లో, రాత్రి మా అమ్మగారింట్లో భోజనం. నిరుడు రెండో ఇంటికి చేరేసరికి పాప గుక్కపట్టి ఏడ్చింది. బాబు మంచం కింద దూరి, పిలిస్తే రాలేదు. "పిల్లలకు పద్ధతి నేర్పలేదు" అనే మాట పడ్డాను. ఈసారి ఒక ఇంటికే వెళితే రెండోవాళ్లు నొచ్చుకుంటారు. ఏం చేయాలి?
– ఇద్దరు పిల్లల తల్లి

జవాబు: తల్లీ, ఇందులో పద్ధతి ప్రసక్తే లేదు. పిల్లలకు నిద్ర చాలలేదు, అంతే. ఏడాది నుంచి రెండేళ్ల లోపు బిడ్డకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. మూడు నుంచి అయిదేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటలు. ముందు రాత్రి ఆరాధనకు మేలుకొని, పొద్దున్నే లేచి, ఒక ఇంట్లో పదిమంది చేతులు మారి, కునుకు తీయాల్సిన వేళ ప్రయాణం చేసి వచ్చిన బిడ్డ రాత్రికి నవ్వుతూ ఉండాలని కోరుకోవడం అన్యాయం. ఆ మాట అన్నవారికి ఈ లెక్క ఒకసారి నెమ్మదిగా చెప్పండి.

అసలు క్రిస్మస్‌ను మనం ఒక్క రోజుకు ఎందుకు కుదించాలి? ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలం ఉంది. డిసెంబరు 25 నుంచి జనవరి 5 వరకు పన్నెండు రోజుల క్రిస్మస్ కాలం ఉంది. జనవరి 6న తూర్పు దేశపు జ్ఞానులు శిశువైన యేసును దర్శించుకున్న పండుగ ఉంది. పూర్వులు ఇంత విశాలమైన పండుగను చేతికిస్తే, మనం దాన్ని ఒక్క పూటలోకి కుక్కి, చంటిబిడ్డల చేత మోయిస్తున్నాం.

కాబట్టి ఈ ఏడు 25వ తేదీ ఒక ఇంటికి ఇవ్వండి. రెండో ఇంటికి పన్నెండు రోజుల్లో ఒకదాన్ని, పొద్దుటి నుంచి రాత్రి దాకా, పూర్తిగా ఇవ్వండి. మరుసటి ఏడు తారుమారు చేయండి. రెండో ఇంటివాళ్లకు దక్కేది మిగిలిపోయిన పండుగ అనిపించకుండా ఒక పని చేయవచ్చు. జ్ఞానులు వచ్చింది పశువుల పాకలోకి కాదు, "ఇంటిలోనికి" అని మత్తయి సువార్తలో ఉంది. వాళ్లు చేరుకునే ఇల్లు రెండో ఇల్లే కావాలి. మీ ఇంట్లో పశువుల పాక బొమ్మలు ఉంటే జ్ఞానులను పాకలో పెట్టకండి. ఇంటి ఆ చివర కిటికీ గట్టు మీద ఉంచి, రోజూ పడుకునే ముందు బాబు చేత జానెడు ముందుకు జరిపించండి. కిటికీ గట్టు, పుస్తకాల అర, భోజనాల బల్ల, చివరకు మీ చేతిసంచి. రెండో ఇంటికి వెళ్లిన రోజున బాబు స్వయంగా వాళ్లను సంచిలోంచి తీసి, అక్కడ ముందే అమర్చిపెట్టగా ఎదురుచూస్తున్న మరియ, శిశువుల బొమ్మల ముందు నిలబెడతాడు. ఆ రాక కోసం అమ్మమ్మో నాయనమ్మో తలుపు దగ్గరే నిలబడి ఉంటారు, చూడండి.

ఇక ఈ మాట చెప్పేది ఎవరు? మీ వారు వాళ్ల అమ్మానాన్నలకు, మీరు మీ వాళ్లకు. కోడలి నోట వచ్చిన మాట ఒకలా, కొడుకు నోట వచ్చిన మాట ఒకలా వినిపిస్తుంది. ఆగమన కాలం మొదలవక ముందే చెప్పండి. "మీ దగ్గరికి రావడం లేదు" అని మొదలుపెట్టవద్దు. "ఫలానా రోజంతా మీ దగ్గరే, పిల్లలు అక్కడే నిద్రపోతారు" అని మొదలుపెట్టండి. ఆ ఇంట్లో పాప కునుకు తీయడానికి ఒక చీకటి గది ముందే అడిగి పెట్టుకోండి. తలుపు వేసుకుని గంటసేపు పాపతో పాటు మీరూ నడుం వాలిస్తే ఎవరి మర్యాదకూ లోటు రాదు.

ప్రశ్న: నాకు ముగ్గురు మనవలు. వాళ్లకు బొమ్మలు కొనడమే నా సంతోషం. ఈసారి కోడలు "ఒక్కొక్కరికి ఒక్కటి చాలు అత్తయ్యా" అంది. నా చేతులు కట్టేసినట్టు అనిపించింది. ఇందులో నా తప్పేముంది?
– ఒక నాయనమ్మ

జవాబు: అమ్మా, మీ తప్పేమీ లేదు. అయినా కోడలి మాట వినమనే అంటాను, కారణం చెప్పనివ్వండి.

మూడేళ్ల పిల్లవాడి ముందు ఆరేడు పొట్లాలు పెట్టి చూడండి. మొదటిది విప్పుతాడు. అందులో చిన్న కారు, దానికి తెరుచుకునే తలుపు. ఆ తలుపు తెరుస్తాడు, మూస్తాడు, లోపలికి తొంగి చూస్తాడు, మళ్లీ తెరుస్తాడు. వాడికి పండుగ అక్కడే మొదలైంది. ఈలోగా మనం "ఇదిగో నాన్నా, ఇది విప్పు, ఇది అత్తయ్య తెచ్చింది" అని చేతిలోది లాగేసి ఇంకోటి పెడతాం. మూడోదానికి వచ్చేసరికి వాడు బొమ్మను చూడడం మానేసి కాగితం చింపడంలో పడిపోతాడు. చివరికి "ఇంకా లేవా?" అంటాడు. అది దురాశ కాదు, మనం పెట్టిన వేగం. మీ కోడలు ఆ వేగానికే భయపడుతోంది, మీ ప్రేమకు కాదు.

మీ ప్రేమకు చోటు డిసెంబరు నెల అంతా ఉంది. ముగ్గురినీ ఒకేసారి కాకుండా, తలా ఒక రోజు ఒంటరిగా మీ దగ్గరికి రప్పించుకోండి. ఆ రోజు ఇద్దరూ కూర్చుని కాగితంతో నక్షత్రాలు కత్తిరించండి. మీ చిన్ననాటి పండుగల కబుర్లు చెప్పండి. వాళ్ల నాన్న ఆ వయసులో చేసిన అల్లరి చెప్పండి, పిల్లలకు అంతకన్నా రుచించే కథ ఉండదు. తోబుట్టువుల పోటీ లేకుండా నాయనమ్మ మొత్తం తనకే దొరికిన రోజును ఏ పొట్లంలో పెట్టి ఇవ్వగలం?

కొనే ఆ ఒక్క బొమ్మ విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. పాటలు పాడే, వెలుగులు చిమ్మే బొమ్మల్లో బొత్తాం అంత బ్యాటరీలు ఉంటాయి. బిడ్డ అది మింగితే, అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. బ్యాటరీ మూతకు మర ఉందా, బిగుతుగా ఉందా అని మీ చేత్తో చూడండి. మింగాడేమోనన్న అనుమానం వచ్చినా సరే, ఏడుస్తాడా లేదా అని చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల్లో చిన్న భాగాలను పరీక్షించే గొట్టం వ్యాసం దాదాపు 3.2 సెంటీమీటర్లు. అందులో పట్టేసే భాగం ఏదైనా గొంతుకు అడ్డం పడగలదని అర్థం. పెద్ద మనవడి బొమ్మల ముక్కలు చిన్నవాడికి అందకుండా చూడడం కూడా ఇందులో భాగమే. అలంకరణకు కట్టిన బుడగలు పగిలితే ఆ తునకలను అప్పటికప్పుడు ఏరేయండి.

ప్రశ్న: ఈసారి మా ఇంట్లో రెండేళ్ల నుంచి పదేళ్ల వరకు తొమ్మిది మంది పిల్లలు చేరతారు. పెద్దవాళ్లు మాటల్లో పడితే పిల్లలు ఫోన్లకు అతుక్కుపోతారు. క్రీస్తు జనన నాటిక వేయిద్దామంటే ఆడపిల్లలందరికీ మరియ వేషమే కావాలి. బిడియపడే బాబు ఒకడున్నాడు, వాడసలు ముందుకే రాడు.
– ఒక మేనత్త

జవాబు: వేయించండి, తప్పకుండా వేయించండి! 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి ఇదే చేశాడు. గడ్డి పరిచిన తొట్టి, ఒక ఎద్దు, ఒక గాడిద, దివిటీలు పట్టుకుని వచ్చిన ఊరి జనం. బేత్లెహేము పాక ఎలా ఉండి ఉంటుందో కళ్లారా చూడాలన్నదే ఆయన కోరిక. మీకు దుప్పట్లు, తువ్వాళ్లు, ఒక అట్టపెట్టె ఉంటే చాలు.

వేషాల తగువు తీరడానికి సువార్తలే సాయం చేస్తాయి. జ్ఞానులు ముగ్గురని మత్తయి ఎక్కడా చెప్పలేదు. కానుకలు మూడు కాబట్టి ముగ్గురనుకుంటున్నాం. మీ ఇంట్లో నలుగురైనా ఉండవచ్చు. గొర్రెల కాపరులు ఎందరో లూకా చెప్పలేదు. దూతలైతే ఏకంగా సైన్యమే. ఇక మరియ వేషం: నాటికను మూడు దృశ్యాలు చేయండి. దూత వార్త తేవడం ఒకటి, బేత్లెహేముకు ప్రయాణం ఒకటి, పాక ఒకటి. ఒక్కో దృశ్యంలో ఒక్కో మరియ. అదే నీలం దుప్పటా చేతులు మారుతుంది, చూసేవాళ్లకు ఏ గందరగోళమూ ఉండదు.

రెండేళ్లవాళ్లు గొర్రెపిల్లలు. వాళ్లు ఎటుపడితే అటు పోతారు. పదేళ్ల అన్నను కాపరిని చేస్తే, తప్పిపోయిన గొర్రెను వెతికి తెచ్చుకోవడమే అతని పాత్ర. చిన్నవాళ్లు పారిపోయిన కొద్దీ నాటిక రక్తి కడుతుంది. చదవడం బాగా వచ్చిన పిల్లకు లూకా రెండో అధ్యాయం ఇవ్వండి, ఆమె చదువుతుంటే మిగతావాళ్లు నటిస్తారు, ఎవరూ మాటలు కంఠతా పట్టనక్కర్లేదు. బిడియపడే బాబును ముందుకు లాగవద్దు. టార్చిలైటు ఇచ్చి నక్షత్రం వెలుగు అతని చేతిలో పెట్టండి. చీకటి గదిలో తలుపు వెనక నుంచి వెలుగు పాక మీదికి వేయాలి. ఆ వెలుగు పడితే గాని జ్ఞానులు కదలరు. అంత ముఖ్యమైన పని చేస్తూ ఎవరి కంటా పడకుండా ఉండే వేషం మరొకటి లేదు.

పెద్దవాళ్లను కుర్చీలకు వదిలేయకండి. సత్రంలో చోటు లేదని లూకా రాశాడు కానీ సత్రం యజమాని మాటలేవీ రాయలేదు. ఆ వేషం మీ అన్నదమ్ముల్లో గంభీరంగా ఉండే ఆయనకు ఇచ్చి, మాటలు సొంతంగా చెప్పుకొమ్మనండి. మొత్తం పది పన్నెండు నిమిషాలు మించకూడదు. ఫోనులో సరిగా పడలేదని మళ్లీ చేయించవద్దు.

ప్రశ్న: మా మామగారు ఈ వేసవిలో చనిపోయారు. ప్రతి ఏడూ క్రిస్మస్ చెట్టు కొనన నక్షత్రం పెట్టేది ఆయనే. అత్తగారు ఈసారి పండుగే వద్దంటున్నారు. ఆరేళ్ల బాబు మాత్రం "తాతయ్య పండుగకు వస్తాడా?" అని రోజూ అడుగుతున్నాడు.
– ఒక కోడలు

జవాబు: అమ్మా, బాబుకు సూటిగా చెప్పండి: "తాతయ్య చనిపోయారు. ఇక రాలేరు. మాకూ చాలా బాధగా ఉంది." నిద్రపోయారని చెబితే పిల్లలకు నిద్రంటే భయం పట్టుకుంటుంది. దూరం వెళ్లారని చెబితే తనను వదిలి ఎందుకు వెళ్లారని కుమిలిపోతారు. మీ విశ్వాసం ప్రకారం తాతయ్య దేవుని దగ్గర ఉన్నారని చెప్పవచ్చు, కానీ చనిపోయారన్న మాటను దాటవేసి కాదు. ఆ వయసు పిల్లలు అదే ప్రశ్న పదేపదే అడుగుతారు. మరణం అంటే తిరిగిరాకపోవడం అని వాళ్ల మనసుకు ఒక్కసారిగా పట్టదు. విసుగు పడకుండా ప్రతిసారీ అదే జవాబు చెప్పండి.

అత్తగారు వద్దన్నది బహుశా పండుగను కాదు, జనాన్ని. "ఏది భరించలేననిపిస్తోంది అత్తయ్యా?" అని అడిగి చూడండి. పాటలా, విందా, అందరూ కలిసి ఫోటో దిగడమా? అది వదిలేసి, మిగిలింది చేసుకోండి. ఆవిడ పది నిమిషాలు కూర్చుని గదిలోకి వెళ్లిపోతానంటే వెళ్లనివ్వండి, వెంటపడి పిలవకండి. మనవడి ముందు ఏడ్చినా ఫరవాలేదు. నాయనమ్మ ఎందుకు ఏడుస్తోందో వాడికి తెలుసు. తనకూ ఏడుపు వస్తే దాచుకోనక్కర్లేదని అప్పుడే తెలుస్తుంది. నక్షత్రం ఎవరు పెట్టాలన్నది అత్తగారే నిర్ణయించాలి. ఆవిడను అడగకుండా ఎవరూ ఆ పనికి పూనుకోవద్దు.

ప్రశ్న: మా అయిదేళ్ల పాపకు ఎనిమిదేళ్ల అన్న, అంటే మా అన్నయ్య కొడుకు, "క్రిస్మస్ తాత లేడు, అదంతా మీ నాన్నే" అని చెప్పేశాడు. అన్నయ్య వాణ్ని కొట్టబోయాడు. పాప నన్ను అడుగుతోంది. ఏమనాలి?
– ఒక తండ్రి

జవాబు: నాయనా, ముందు ఆ పిల్లవాడి మీద చేయి పడకుండా చూడండి. తెలిసింది చెప్పాడు, అంతే. పాపను "నీకేమనిపిస్తోంది?" అని అడగండి. ఇంకా నమ్మాలని ఉంటే తనే ఏదో ఒక దారి వెతుక్కుంటుంది. నిజం తెలుసుకోవాలనే అడుగుతుంటే అబద్ధం చెప్పవద్దు. నాలుగో శతాబ్దంలో మైరా పట్టణంలో నికొలాస్ అనే బిషప్ ఉండేవాడని, పేదవాడి ముగ్గురు కూతుళ్ల పెళ్లి కోసం రాత్రివేళ ఎవరికీ తెలియకుండా వాళ్లింట్లో బంగారం పడేసి వెళ్లాడని కథ చెప్పుకుంటారని, డిసెంబరు 6 ఆయన పండుగ అని చెప్పండి. ఆయన్ను చూసి నాన్నలూ తాతలూ ఆ పని నేర్చుకున్నారనండి.

తరువాత పాపనూ అన్ననూ ఒక జట్టు చేయండి. ఇంట్లో ఎవరికి ఏం ఇవ్వాలో ఇద్దరే గుసగుసగా తేల్చుకోవాలి, ఇచ్చింది ఎవరో బయటపడకూడదు. నాయనమ్మ దిండు కింద చిన్న బొమ్మ గీసి పెట్టినా చాలు. అన్నకు ఒక్క షరతు పెట్టండి: మిగిలిన చిన్నవాళ్లు అడిగితే "మీ అమ్మానాన్నలను అడుగు" అనాలి.