కొత్త రోడ్డు వేస్తామంటే ముందు కల్వర్టు దగ్గరికి వెళ్ళండి

అడిగిన ప్రశ్న: "మాది విజయవాడ పాయకాపురం వైపు ఒక వీధి. కార్పొరేషన్ వాళ్ళు కొత్త సీసీ రోడ్డు, సైడు కాలవలు, యూజీడీ (భూగర్భ మురుగు పైపులు) అన్నీ కలిపి చేస్తామంటున్నారు. వచ్చే వారం ఇంజినీర్లు కాలనీ సంఘంతో కూర్చుంటారట. రోడ్డు వెడల్పు గురించి గట్టిగా అడగాలా, క్వాలిటీ గురించి అడగాలా?"

రెండూ అడగండి. కానీ ఆ రెండింటికంటే ముందు అడగాల్సింది ఒకటుంది. మీ వీధి నీళ్ళు చివరికి ఏ కల్వర్టులో పడతాయి, ఆ కల్వర్టు అడుగు మట్టం ఎంత? ఈ ఒక్క అంకె లేకుండా వేసిన ఎస్టిమేటు ఎంత అందంగా ఉన్నా వానాకాలంలో మీ గడప దగ్గరే తేలుతుంది.

ఎందుకంటున్నానో లెక్కతో చెప్తాను. మీ వీధి పొడవు 180 మీటర్లు అనుకోండి. కాలవలో నీళ్ళు నిలవకుండా పోవాలంటే 300 మీటర్లకు ఒక మీటరు వాలు ఉండాలి. అంటే 180 మీటర్లకు 60 సెంటీమీటర్ల దిగుడు. పై చివర కాలవ లోతు 30 సెంటీమీటర్లతో మొదలైతే కింది చివరికి 90 రావాలి. తీరా అక్కడున్న పాత కల్వర్టు అడుగు, రోడ్డు మట్టానికి 55 సెంటీమీటర్ల కిందే ఉందనుకోండి. మీ కాలవ దాని కంటే 35 సెంటీమీటర్లు పల్లంలోకి వెళ్ళిపోయింది. నీళ్ళు ఎక్కుతాయా?

ఇది కాగితం మీద లెక్కే అనుకోకండి. పని ఎలా జరుగుతుందో గమనించండి. మేస్త్రీ పై చివర నుంచి మొదలుపెడతాడు. అక్కడ లోతు తక్కువ, తవ్వకం సులువు, మొదటి బిల్లు తొందరగా వస్తుంది. చివరి ముప్పై నలభై మీటర్లకు వచ్చేసరికి కల్వర్టు అడుగు పైన, తవ్విన కాలవ అడుగు కింద కనిపిస్తాయి. అప్పుడు కల్వర్టు పగలగొట్టడానికి ఎస్టిమేటులో ఐటెం ఉండదు. అందుకని కాలవ అడుగున కాంక్రీటు మందంగా పోసి మట్టాన్ని ఎత్తుకుంటూ పోతారు. అంటే ఆ చివరి ముక్కలో కాలవ ఎదురెక్కుతుంది. ఆ పల్లం పడ్డ నాలుగైదు ఇళ్ళ ముందు ఏడాది పొడుగునా నీళ్ళు నిలుస్తాయి.

నమ్మకం కుదరకపోతే కొత్తగా కాలవలు కట్టిన ఏ వీధికైనా జనవరి ఎండలో వెళ్ళి ఒక పలక ఎత్తించి చూడండి. వాన పడి రెండు నెలలైనా లోపల జానెడు నల్లనీళ్ళు కదలకుండా ఉంటాయి. పాల ప్యాకెట్లు, ఒంటి చెప్పు, కరివేపాకు రెమ్మలు, పైన సన్నటి నూనె పొర. గోడకు లోపలి వైపు నల్లటి చార ఒకటి కనిపిస్తుంది, నీళ్ళు మామూలుగా ఎంతవరకు నిలుస్తాయో ఆ గీతే చెప్తుంది. ఓ పది మీటర్లు నడిచి ఇంకో పలక ఎత్తండి. పారే దిక్కుకు పోయేకొద్దీ అడుగు నుంచి ఆ చార ఎత్తు పెరుగుతుంటే అక్కడ పల్లం పడినట్టు. "జనం చెత్త వేస్తున్నారు, అందుకే పూడుకుపోయింది" అని నెపం మీ మీదకి వస్తుంది. చెత్త వేయడం తప్పే, అది వేరే మాట. కానీ వాలు సరిగ్గా ఉన్న కాలవలో నీళ్ళు ఆ ఇసుకనూ చిన్న చెత్తనూ తోసుకుపోతాయి. పల్లం పడిన చోట పాలు తాగే పిల్లాడి గుప్పెడు మట్టి పడినా అక్కడే కూర్చుంటుంది.

సరే, ఇప్పుడు ఏం చేయాలి? ఇంజినీర్లు వచ్చే లోపు మీరే మట్టం చూసుకోవచ్చు. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు చాలు. పాతిక మీటర్ల పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు, ఒక బకెట్ నీళ్ళు, సుద్దముక్క, టేపు. పైపులో నీళ్ళు నింపేటప్పుడు గాలి బుడగ మిగలకూడదు, ఒక్క బుడగున్నా రెండు మూడు సెంటీమీటర్లు తేడా చూపిస్తుంది. ఒకరు కల్వర్టు గోడ దగ్గర, ఇంకొకరు ఇరవై మీటర్ల అవతల ఎవరి గేటు స్తంభం దగ్గరో పట్టుకోండి. రెండు చివర్లలో నీళ్ళు నిలిచిన చోట గీత గీయండి, ఆ రెండూ ఒకే మట్టం. అక్కడి నుంచి మళ్ళీ ఇరవై మీటర్లు. వీధి మొత్తానికి తొమ్మిది సార్లు పడితే అయిపోతుంది. ప్రతి గీత నుంచి కిందికి రోడ్డు ఎంత, మీ గడప ఎంత, కల్వర్టు అడుగు ఎంత కొలిచి కాగితం మీద రాసుకోండి. ఆదివారం పొద్దున రెండు గంటల పని. ఆ కాగితం పట్టుకుని కూర్చున్న వాళ్ళతో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

మీటింగులో అడగాల్సినవి ఇవి. ఎస్టిమేటుతో పాటు ఎల్‌సెక్షన్ చూపించమనండి. వీధి పొడవునా ఉన్న మట్టాలు, రాబోయే మట్టాలు గీసిన నిలువు పటం అది. అది లేదని చెబితే లెవెల్స్ తీయకుండా పొడవు, వెడల్పు, మందం గుణించి డబ్బు లెక్క కట్టారన్నమాట. ఉంటే దాంట్లో కింది చివర కల్వర్టు అడుగు మట్టం రాసుందో లేదో చూడండి. మీ లెవెల్ పైపు లెక్కతో పోల్చండి. కల్వర్టు ఎత్తుగా ఉంటే రెండే దార్లు. ఒకటి, కల్వర్టును కిందికి దించి కట్టడం, దానికి ఇప్పుడే ఐటెం చేర్చాలి. రెండోది, 55లో పై చివరి 30 పోగా ఉన్న 25 సెంటీమీటర్ల దిగుడునే 180 మీటర్లకు పరచడం. అంటే 720 మీటర్లకు ఒక మీటరు వాలు. నీళ్ళు పారతాయి కానీ అదే కాలవలో పారే నీరు మూడో వంతుకు పైగా తగ్గుతుంది. కాబట్టి వెడల్పు పెంచాలి, పూడిక తరచుగా తీయాలి. ఆ తీసే పని ఎవరిది, ఎన్నాళ్ళకోసారి అని అక్కడే అడిగి మినిట్స్‌లో రాయించండి. కాలవ పని కింది చివర నుంచి మొదలుపెట్టి పైకి రావాలన్న షరతు కూడా.

విజయవాడలో ఇంకో చిక్కుంది, బయటి ఊళ్ళ వాళ్ళకు తొందరగా తట్టదు. మన ఊరి మధ్య నుంచి పోయే ఏలూరు, రైవస్, బందరు కాలవలు సాగునీటి కాలవలు. ఖరీఫ్‌కి నీళ్ళు వదిలాక నిండుగా ప్రవహిస్తుంటాయి. సరిగ్గా మన వానలు పడే నెలలే అవి. వీధి కాలవ పైపు ఆ నీటి మట్టం కింద మునిగి ఉంటే మన నీళ్ళు అందులోకి పోవు సరికదా, అక్కడివే వెనక్కి తంతాయి. మేలో చూసి వేసిన ప్లానులో ఇది కనపడదు, ఆగస్టులో కనపడుతుంది. అందుకే ఆ సాగునీటి కాలవ నిండుగా ఉన్నప్పటి మట్టం అడగండి.

మీ వైపు బుడమేరు వాగు సంగతి వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు ఏ వీధి కాలవా ఏమీ చేయలేకపోయేది. వెలగలేరు దగ్గర మళ్ళించిన బుడమేరు నీళ్ళు ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలవాలి. ఆ రోజుల్లోనే బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి కృష్ణ పొంగుతోంది. నది నిండుగా ఉంటే మళ్ళింపు కాలవ ఖాళీ అవ్వదు. అది ప్రభుత్వ స్థాయి పని. కానీ ఏటా రెండు గంటల వానకే మీ గుమ్మంలోకి వచ్చే నీళ్ళను బుడమేరు ఖాతాలో వేస్తే ఒప్పుకోకండి. ఎకరం జాగా మీద గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడితే రెండు వందల ఘనమీటర్ల నీళ్ళు. పైకప్పులు, సీసీ రోడ్లు కలిసిన వీధిలో అందులో ముప్పాతిక పైనే కాలవకు వస్తాయి. దానికి తగ్గ వెడల్పు లెక్క కట్టి ఇవ్వమనడం మీ హక్కు.

ఇక రోడ్డు. పాత రోడ్డు మీదే కొత్తది పరిచేస్తామంటే వద్దని చెప్పండి. ఇంటి ప్లింతు, అంటే ఇంటి లోపలి నేల మట్టం, చుట్టూ నేల కంటే కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తుండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెప్తుంది. ఒక్కోసారి 15 సెంటీమీటర్ల కాంక్రీటు చొప్పున మూడుసార్లు పరిస్తే ఆ 45 పూర్తిగా పోయింది. ఇరవై ఏళ్ళ నాటి ఇళ్ళన్నీ గుంటలో కూర్చున్నట్టు కనిపించేది ఇందుకే. మనిషి జీవితమంతా కూడబెట్టి కట్టుకున్న ఇంటికి మెట్లు దిగి వెళ్ళాల్సి రావడం చాలా అన్యాయం. పాతది తవ్వి తీసేయడానికి ఎస్టిమేటులో ఐటెం ఉండాలి, లేకపోతే కాంట్రాక్టరు తీయడు, తీయమని అడిగే హక్కు ఏఈకీ (అసిస్టెంట్ ఇంజినీరుకీ) ఉండదు. "పూర్తయిన రోడ్డు మట్టం ఇప్పటి మట్టాన్ని మించకూడదు" అనే వాక్యం రాయించండి.

వరస కూడా ముఖ్యం. అన్నిటికంటే లోతుది ముందు. యూజీడీ పైపు, దాని మ్యాన్‌హోళ్ళు, ప్రతి ఇంటికీ కనెక్షన్ ఛాంబరు, తర్వాత మంచినీళ్ళ పైపు, దాని కనెక్షన్లు, తర్వాత కాలవ, ఆఖర్న రోడ్డు. ఖాళీ స్థలాలకు కూడా కనెక్షన్ పైపు గట్టు దాకా తెచ్చి మూత వేయించండి, రేపు అక్కడ ఇల్లు లేస్తే రోడ్డు కోయకుండా ఉంటుంది. మంచినీళ్ళ పైపు మురుగు పైపును దాటే చోట మంచినీళ్ళది పైన ఉండాలి. ఇంటర్‌నెట్ కేబుళ్ళ కోసం అక్కడక్కడా రోడ్డుకు అడ్డంగా ఖాళీ పీవీసీ పైపులు వేసి వదిలేస్తే ఖర్చు పెద్దగా పెరగదు. ఇది ఎవరూ చేయరు. రోడ్డు వేసిన మూడు నెలలకు కేబుల్ వాళ్ళు అడ్డంగా కోసి, గుప్పెడు సిమెంటు రాసి పోతారు, మొదటి వానకి అది గుంట.

అపార్టుమెంట్ల వాళ్ళతోనూ ఓ మాట మాట్లాడాలి. మేడ మీద వాన నీళ్ళ పైపును తీసుకెళ్ళి యూజీడీ ఛాంబర్లో కలిపేస్తారు. ఆ పైపు సైజు ఇళ్ళ మురుగుకే లెక్క కట్టింది. వాన పడగానే పల్లంలో ఉన్న ఇంటి బాత్రూములో మురుగు బుడగలు కడుతూ పైకి వస్తుంది. పాపం ఆ ఇంటివాళ్ళు కార్పొరేషన్‌ని తిడుతుంటారు.

కాలవ గోడ రోడ్డు కంటే ఎత్తుగా కట్టి, నీళ్ళు దిగడానికి నాలుగంగుళాల పైపు ముక్క పెడతారు. ఒక్క పాలిథిన్ కవరు అడ్డం పడితే అది మూసుకుంటుంది. ఐదారు మీటర్లకొకటి, అడుగు వెడల్పు కన్నం అడగండి. పైన పలకలు విడివిడిగా, కొక్కేలతో ఉండాలి. 60 బై 75 సెంటీమీటర్లు, పది సెంటీమీటర్ల మందం పలక దాదాపు 110 కిలోలు తూగుతుంది, ఇద్దరు గడ్డపారలతో ఎత్తగలరు. ఏకంగా స్లాబు పోసేస్తే పూడిక తీసే దారే ఉండదు. షాపుల వాళ్ళు, కార్ల కోసం ర్యాంపులు కట్టుకున్న మనమూ అదే పని చేస్తున్నాం, ఆ ర్యాంపులు ముందే తీసేయడానికి కాలనీ సంఘం ఒప్పుకోవాలి.

క్వాలిటీకి ఇంట్లో కూర్చుని చూసుకోగల లెక్క ఒకటి చెప్తాను. 150 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అంటే 90 ఘనమీటర్ల కాంక్రీటు. రెడీమిక్స్ లారీ 6 ఘనమీటర్లు తెస్తే 15 లారీలు రావాలి. అరుగు మీద కూర్చున్న తాతగారు లెక్కపెట్టినా చాలు. పన్నెండే వచ్చాయంటే మందం ఎక్కడో తగ్గింది. లారీతో వచ్చే చలానా ఫోటో తీసుకోండి, కాంక్రీటు ఎంత బలమైనదో చెప్పే గ్రేడు అందులో ఉంటుంది. తేలిగ్గా జారాలని మేస్త్రీ నీళ్ళు కలపమంటే ఆపండి. మర్నాటి లోపు నాలుగు, నాలుగున్నర మీటర్లకొకసారి అడ్డంగా మందంలో మూడో వంతు లోతు కోత పెట్టాలి. పెట్టకపోతే కాంక్రీటే తనకి ఇష్టమొచ్చిన చోట పగుల్తుంది. మట్టి గట్లు కట్టో, తడి గోనెలు పరిచో 14 రోజులు నీళ్ళు కట్టాలి. బండ్లు తిరగాలని మూడో రోజుకే గట్లు తీసేయమని గొడవ చేసేది కూడా మనవాళ్ళే.

కాగితాలు చూపించమంటే వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ దగ్గర మొదలుపెట్టి ఏఈ, ఆయన పై ఇంజినీరు డీఈఈ దాకా వెళ్ళండి. ఇవ్వకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు, 30 రోజుల్లో జవాబు రావాలి. ఎస్టిమేటు, ఎల్‌సెక్షన్, అగ్రిమెంటు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్ళు అడగండి. 2005 చట్టం సెక్షన్ 2(జె) కింద పనిని స్వయంగా తనిఖీ చేయడానికి, వాడిన సామాను శాంపిల్ తీసుకోవడానికి కూడా మీకు హక్కుంది. చాలామందికి తెలియదు, తెలిసినవాళ్ళు వాడరు. సోమవారం అర్జీల కార్యక్రమంలో ఇచ్చే అర్జీకి కూడా ఫోటో, కొలతల కాగితం జతచేయండి.

మూడు లక్షల జనాభా దాటిన ఊళ్ళలో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ 1993లోనే అమల్లోకి తెచ్చింది. ఇలాంటి ఎస్టిమేట్లు అక్కడ జనం ముందుకు రావాలి. మన దగ్గర మాత్రం వీధివాళ్ళకు కబురందేది శిలాఫలకం రోజున. అప్పటికి టెండరు అయిపోయి ఉంటుంది, ఆ తర్వాత ఏ మార్పు అడిగినా "అగ్రిమెంటులో లేదండి" అన్నదే జవాబు. మీకు టెండరుకు ముందే పిలుపు వచ్చింది కాబట్టి ఈ ఆదివారమే లెవెల్ పైపు తెప్పించండి. కల్వర్టు అడుగు కొలిచే ముందు పారతో పూడిక తీయించండి, లేకపోతే మీరు కొలిచేది మట్టి ఎత్తు అవుతుంది.