బూస్టర్స్ ప్రెసిడెంట్ గారికి పెద్దమ్మ ఉత్తరం

చిన్నీ,

మీ హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌కి డబ్బు కూడబెట్టే తల్లిదండ్రుల క్లబ్బు బూస్టర్స్‌కి నిన్ను ప్రెసిడెంట్ చేశారని రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పొద్దున్నే తెలిసినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. ఆ వెంటనే టెన్షన్ పట్టుకుంది. హాస్టల్ ఫీజు గడువు మర్చిపోయే పిల్లవి, ఇప్పుడు అంతమంది పిల్లల డబ్బు నీ చేతిలో పెట్టారు!

చెక్కు మీద రెండు సంతకాలుండాలి. బ్యాక్‌గ్రౌండ్ చెక్ కాని వాలంటీర్‌ని బస్సెక్కనివ్వకు. స్కూలు మొదలయ్యాక క్లాసు వేళలు కాకుండా ప్రాక్టీసు వారానికి 8 గంటలు మించకూడదని టెక్సాస్‌లో స్కూళ్ళ పోటీలు నడిపే యూఐఎల్ వాళ్ళ రూలు. ఇంకో గంట చేయించమని అడిగే తల్లిదండ్రుల్ని నువ్వే ఆపు, బ్యాండ్ నేర్పే డైరెక్టర్ దాకా రానివ్వకు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. మా అబ్బాయి బ్యాండ్‌లో ఉన్నప్పుడు ఒక ఏడాది మా క్లబ్బుకి శాన్ ఆంటోనియో ఆలమోడోమ్‌లో జరిగే స్టేట్ పోటీల పిచ్చి పట్టింది. అప్పటి ప్రెసిడెంట్ మంచావిడే, కానీ కప్పు తప్ప ఏదీ కంటికి ఆనేది కాదు. ఏడెనిమిది నిమిషాల షో కోసం ర్యాంపులు, తెరలు, అవి మోయడానికో ట్రక్కు! ఆ డబ్బెక్కడిదంటావా? మిడిల్ స్కూల్ బ్యాండ్‌కి ఏటా ఇచ్చేది ఆపేశారు. ఆరో తరగతి పిల్లల ప్రైవేట్ లెసన్లు, ట్యూబాల రిపేర్లు దాంతోనే సాగేవి. ఫ్లూట్ అయితే ఇంట్లో కొనిపెడతారు, కింది స్వరాలు ఊదే అంత పెద్ద ఇత్తడి ట్యూబా ఎవరు కొంటారే? వాల్వులు పట్టేసినది ఇచ్చి ఊదమంటే పిల్లవాడు క్రిస్మస్‌కే మానేస్తాడు.

షో అదిరింది, కాదనను. ఆ ఆరో తరగతి తొమ్మిదికొచ్చేసరికి ఫ్లూట్లు బోలెడు, ట్యూబాలు రెండే. 5 గజాలకి 8 అంగలు తప్పకుండా ఎంత చక్కగా నడిచినా, కింద బరువు లేక పాట పీలగా వినిపించేది. అందరూ తిట్టింది మాత్రం కొత్తగా వచ్చిన డైరెక్టర్‌ని. నారుమడికి నీళ్ళాపింది ఒకళ్ళు, మాట పడింది ఆయన. పాపం, ఎక్కువకాలం ఉండలేకపోయారు.

కాబట్టి బడ్జెట్‌లో మొదటి పద్దు మిడిల్ స్కూల్‌ది రాయి. ట్రోఫీలు చూసి మురిసిపోకు. స్ప్రింగ్‌లో సైట్ రీడింగ్ పోటీ ఉంటుంది కదా, ఎప్పుడూ చూడని పాట ముందు పెడితే ఎలా వాయిస్తున్నారో అక్కడ విను.

మనవాళ్ళు కొందరు పదకొండో తరగతి రాగానే జీపీఏ అంటూ బ్యాండ్ మాన్పించేస్తారు. సెక్షన్ లీడర్లయ్యే వయసది! మైదానంలో ఎవరెక్కడ నిలబడాలో చుక్కలతో గీసిన డ్రిల్ చార్ట్‌లో ఎవరి చుక్క ఎక్కడో చిన్నవాళ్ళకి చూపించేది వాళ్ళేగా. ఆ తల్లులతో నువ్వే తెలుగులో మాట్లాడు. డైరెక్టర్ ఈమెయిల్ చదివి ఊరుకుంటారు, నువ్వు ఇంటికెళితే కాఫీ ఇచ్చి వింటారు.

నాకు అన్నిటికంటే భయం ఎండ. ఆగస్టులో పార్కింగ్ లాట్ తారు మీద నిలబెడతారు. అడిగేదాకా ఆగకుండా నీళ్ళివ్వండి, ముందు సూసాఫోన్, అదే ఒంటికి చుట్టుకుని భుజాన మోసే ట్యూబా, మోసేవాళ్ళకి. మోకాళ్ళు బిగించి నిలబడొద్దని చెప్పండి, కళ్ళు తిరుగుతాయి. చిన్నప్పుడు ప్రేయర్ లైన్లో నువ్వు పడిపోయావని కబురొస్తే మీ తాతయ్య ఒక కాలికే చెప్పుతో పరుగెత్తారు. పెద్దదానివయ్యావని ఎండ నిన్ను వదిలెయ్యదు, టోపీ పెట్టుకో.

ట్రెజరర్‌గా ఎవర్ని పెట్టుకున్నారో ఆదివారం ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ