గడ్డి దున్నిన మడిలో పైరు పసుపుబారితే

ప్రశ్న: సార్వా (వానాకాలపు) వరిని మిషనుతో కోయించాము. గడ్డి కాల్చవద్దని అందరూ చెబుతుంటే విని, మిషను వదిలిన గడ్డినంతా రోటవేటరుతో దున్నించి, నీరు పెట్టి బురదగా దమ్ము చేసి, వారం తిరక్కుండానే దాళ్వా (రెండో పంట) నాట్లు వేయించాము. మూడు వారాలైనా పైరు తేరుకోలేదు. ఆకులు పసుపుబారాయి, మడిలో అడుగు పెడితే బుడగలు లేచి మురుగు వాసన వస్తోంది. గడ్డి కాల్చిన పక్క చేను మాత్రం బాగానే ఉంది. గడ్డి కలపడమే పొరపాటా?
– ఒక రైతు, కంకిపాడు మండలం

జవాబు: పొరపాటు గడ్డిలో లేదు, వ్యవధిలో ఉంది. ఎండు వరిగడ్డిలో నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం 60 నుంచి 80 పాళ్ల దాకా ఉంటుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు ఆ కాస్త నత్రజని చాలదు కనుక మట్టిలో ఉన్నదాన్నీ, మీరు వేసిన యూరియాలో కొంత భాగాన్నీ అవే ముందుగా వాడుకుంటాయి. కొన్ని వారాల తరువాత అది తిరిగి పైరుకు అందుతుంది గానీ, పిలకలు వేసే అసలు సమయం ఈలోగా గడిచిపోతుంది. దీనికి తోడు నిలవ నీటి కింద గాలి ఆడక గడ్డి కుళ్లినప్పుడు సేంద్రియ ఆమ్లాలు, హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టి వేళ్లను దెబ్బతీస్తాయి. మీరు చూసిన బుడగల్లో ఎక్కువ భాగం మీథేన్. చలికాలంలో కుళ్లడం మరీ మందగిస్తుంది కనుక దాళ్వాలో ఈ బెడద ఎక్కువ.

ముందుగా ఒక మొక్కను పీకి వేళ్లు చూడండి. నల్లబడి ఉంటే నీరు తీసివేసి, సన్నటి నెర్రెలు కనిపించేదాకా మడిని ఆరగట్టి, మళ్లీ పలుచగా నీరు పెట్టిన తరువాతే పైపాటు యూరియా వేయండి. వేళ్లు ఊపిరి పోసుకోకముందే బస్తాలు కుమ్మరించడం దండగ. ముదురాకులపై తుప్పు రంగు మచ్చలు, మధ్య ఈనె మొదట్లో తెల్లదనం ఉంటే అది జింకు లోపం; లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేయాలి.

ఇక పక్క చేను సంగతి. కాలిస్తే గడ్డిలోని నత్రజని దాదాపు అంతా గాలిలో కలిసిపోతుంది, పొటాష్ మాత్రం చాలావరకు బూడిదలో మిగులుతుంది. టన్ను గడ్డిలో సుమారు 5 నుంచి 8 కిలోల నత్రజని, 14 నుంచి 20 కిలోల పొటాష్ ఉంటాయి. గడ్డిని కట్టలు కట్టి అమ్మేవారు ఈ లెక్క మరిచిపోతారు: పొటాష్ వరకు చూస్తే, కాల్చిన చేనికంటే అమ్మిన చేనే ఎక్కువ నష్టపోతుంది. అమ్మవద్దనడం లేదు, పశువులకు మేత కావాలి. అమ్మిన డబ్బులో కొంత పొటాష్ ఎరువుకు తీసి ఉంచుకోవాలంటున్నాను.

మీ ప్రాంతంలో సార్వాకూ దాళ్వాకూ నడుమ ఉండే ఎడం గడ్డి మొత్తం కుళ్లడానికి చాలదు. కనుక సార్వా గడ్డిని చాలావరకు బయటకు తీసి, మోళ్లను మాత్రం దున్నండి. దాళ్వా కోత తరువాత కాలువ నీరు వచ్చేలోగా రెండు నెలలకు పైగా చేను ఖాళీగా ఉంటుంది. ఆ గడ్డిని మిషను వదిలిన వరుసల్లోనే ఉంచక చేనంతా సమంగా పరిచి, నేలలో పదును (తడి) ఉన్నప్పుడే పైపైన కలియదున్నితే, గాలి ఆడే నేలలో, వేసవి జల్లులకు అది చాలావరకు చివికిపోతుంది. తరువాతి పైరుకు నత్రజని మోతాదు పెంచనవసరం లేదు. దమ్ములో వేసే వాటాను కొంచెం పెంచి, చివరి దఫాలో అంత తగ్గించండి. పాముపొడ తెగులు బాగా సోకిన చేలో గడ్డిని మాత్రం ఈ పద్ధతిలో కలపకండి. ఆ శిలీంధ్రం గడ్డితోపాటే నేలలో నిలిచి ఉంటుంది. మొదటి ఏడాదే దిగుబడి పెరుగుతుందని ఆశించవద్దు. నేల గుల్లబారడం, ఎరువు ఖర్చు కొంత తగ్గడం రెండు మూడేళ్లకు గాని తెలియవు.

ప్రశ్న: మేము వరి కోతకు ముందే మినుము చల్లుతాము. మేము గడ్డి ఎప్పుడు దున్నాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మినుము మొలిచిన చేలో దున్నడం కుదరదు. కోసిన వరి పనలను ఆలస్యం చేయకుండా గట్టు మీదికి చేర్చండి. వాటి కింద మొలక పాలిపోతుంది. మినుము కోత అయ్యాక మినప కట్టెతోపాటు వరి మోళ్లను వేసవి దుక్కిలో కలపండి. మోళ్లలో దాగిన కాండం తొలిచే పురుగు కూడా ఆ దుక్కితో చాలావరకు నశిస్తుంది.