గజ్జి క్రీము బిడ్డ ఒక్కడికే రాస్తే సరిపోదు

నాలుగేళ్ల బాబుకు గజ్జికని పర్మెత్రిన్ క్రీము రాసి వారమైనా దురద తగ్గలేదని, ఇక రోజూ రాయవచ్చా అని మీరు అడిగారు. రోజూ రాయకండి, చర్మం మండి దురద ఇంకా పెరుగుతుంది. గజ్జిని తెచ్చే సన్నని పురుగు మందుకు చచ్చినా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. నేను అడిగేది ఒక్కటే: ఆ రాత్రి మీ ఇంట్లో ఇంకెవరెవరు రాసుకున్నారు?

2022 జూలై వరదకు మా లంక గ్రామం మునిగినప్పుడు బడి గదిలో మూడు కుటుంబాలవాళ్లం పక్కపక్కనే చాపలు వేసుకుని పడుకున్నాము. నెల తిరిగేసరికి మా పాప వేళ్ల సందుల్లో, మొలతాడు చుట్టూ పొక్కులు లేచాయి. మొదటిసారి సోకినవారికి దురద నాలుగు నుంచి ఆరు వారాలకు గాని మొదలుకాదు కనుక, అప్పటికే అది ఇంట్లో మరికొందరికి అంటి ఉంటుంది. మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇచ్చిన ట్యూబు రాస్తే రెండు రోజులు హాయిగా ఉండి, ఆపైన ఒళ్లంతా పాకింది. అందులో స్టెరాయిడ్ ఉందని అమలాపురంలో చర్మవైద్యుడు చెప్పేదాకా మాకు తెలియదు. అది దురదను అణచి, పురుగును పెరగనిస్తుంది. పసిపిల్లల ఒంటికి రాసే మందును ఇలా అడగగానే చేతిలో పెట్టడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆ వైద్యుడు 5 శాతం పర్మెత్రిన్ క్రీముకు చీటీ రాసిచ్చి, ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి రాసుకోవాలన్నారు. మా అత్తగారు మాత్రం "నాకు దురదే లేదు, ఆ మందు నాకెందుకమ్మా" అన్నారు. పాప పడుకునేది ఆవిడ పక్కలోనే. మూడు వారాలకు పాపకు మళ్లీ కొత్త పొక్కులు లేచాయి.

రెండోసారి ఆవిడను కూర్చోబెట్టి నేనే రాశాను. ఒళ్లు చల్లబడి, తడి ఆరిన తర్వాత మెడ నుంచి అరికాళ్ల దాకా, బొడ్డులో, చంకల్లో, కత్తిరించిన గోళ్ల కింద, మెట్టెలు తీయించి వాటి కింద కూడా పట్టించాను. పాప మొలతాడు తెంపి కొత్తది కట్టాను. తెల్లవారుజామున అత్తగారు చేతులు కడుక్కుంటే చేతులకు మళ్లీ రాయవలసి వచ్చింది. మందు ఎనిమిది నుంచి పద్నాలుగు గంటలు ఒంటిమీద ఉండాలి, వారం తర్వాత మరొక్కసారి అందరూ రాసుకోవాలి. రెండు నెలలు నిండని బిడ్డ గాని గర్భిణి గాని ఇంట్లో ఉంటే ముందు డాక్టరును అడగండి.

బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరవేయాలంటారు, కానీ ఆ ముసురులో మాకు ఎండ ఎక్కడిది? ఉతకలేని బొంతలను ప్లాస్టిక్ సంచిలో కుక్కి, మూతి బిగించి వారం అలాగే ఉంచాము. మనిషి ఒంటిని విడిచిన పురుగు సాధారణంగా రెండు మూడు రోజులకు మించి బతకదు.

శుభ్రత లేని ఇళ్లకే గజ్జి వస్తుందనే మాటకు భయపడి జనం దాచుకుంటారు, అందువల్లే పక్కింటికీ అంటుతుంది. మీరు దాచవద్దు. వారం గడిచింది కనుక రెండో విడత ఈ రాత్రే, బాబు పక్కలో పడుకునేవారితో సహా అందరూ రాసుకోండి. నాలుగు వారాల తర్వాత కూడా కొత్త పొక్కులు లేస్తుంటే మరో ట్యూబు కొనకుండా బాబును చర్మవైద్యుడికి చూపించండి.