దాక్కోని టాస్క్‌బార్

ప్రశ్న: మాది తెనాలిలో డీటీపీ షాపండీ. విండోస్ 10 వాడుతున్నాం. తెర అడుగున ఉండే పట్టీ, అదే టాస్క్‌బార్, దానంతటదే దాక్కునేలా పెట్టుకున్నాను. రెండు రోజులుగా కిందికి పోవడం లేదు. పేజీ నంబర్లు కనిపించే చోటే కూర్చుంటోంది. పెళ్లిళ్ల సీజను, పని ఆగుతోంది.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ సెట్టింగ్ చెడిపోయి ఉండదు. ఏదైనా ప్రోగ్రామ్ మిమ్మల్ని పిలుస్తున్నంతసేపూ విండోస్ ఆ పట్టీని దాచదు. కావాలని పెట్టిన ఏర్పాటే అది. పట్టీ మీద నారింజ రంగులో మెరిసే బొమ్మ ఉందేమో చూసి, దాని మీద నొక్కండి. మొన్న నాకూ ఇలాగే అయింది. ప్రింటర్‌లో కాగితం అయిపోయిందని చెప్పే చిన్న పెట్టె వేరే విండో వెనక పడి ఉంది. ఓకే నొక్కగానే పట్టీ జారిపోయింది.

అలాంటిదేమీ లేకపోతే ఫైలు సేవ్ చేసుకుని, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ను ఎంచుకుని రీస్టార్ట్ ఇవ్వండి. టాస్క్‌బార్, డెస్క్‌టాప్ బొమ్మలు క్షణం మాయమై మళ్లీ వస్తాయి, కంగారు పడకండి. తెరిచిన ఫోల్డర్లు మాత్రం మూసుకుపోతాయి. దీనికోసం ఫార్మాట్ చేయిస్తామంటే దయచేసి ఒప్పుకోవద్దు. మీ ఫాంట్లన్నీ మళ్లీ ఎక్కించుకోవాల్సి వస్తుంది.