‘మిశ్రమ స్పందన’ అనే మాట కొట్టెయ్యి

చిరంజీవికి,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. దానికి జతచేసిన కాగితాలూ చదివాను. దాచడం దేనికి, వ్యాసం కంటే కాగితాలే బాగున్నాయి.

చవక డీవీడీ ప్లేయర్ ఒకటి కొన్న నలభై రెండు మందిని పట్టుకుని, వాళ్ల మాటల్ని వాళ్ల మాటల్లోనే రాసిపెట్టుకున్నావు. అంత ఓపిక ఈ రోజుల్లో ఎవరికుంది? సరే, మెచ్చుకోలు అయిపోయింది.

ఇప్పుడు ముప్పై ఒకటో కాగితం తియ్యి. ఒకావిడ రాసింది: “బొమ్మ అంతంత మాత్రం. చీకట్లో రిమోట్ మీద అంకెలు కనపడవు. కానీ మా నాన్న మాట్లాడిన డిస్క్ ఇంట్లో ఉన్న ఖరీదైన ప్లేయర్‌లో ఆడలేదు, దీంట్లో ఆడింది.” ఐదింటికి మూడు స్టార్లు ఇచ్చింది. అది చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టాను. కాసేపు ఏమీ చదవబుద్ధి కాలేదు. తర్వాత నీ వ్యాసంలో ఈవిడని ఏం చేశావా అని వెతికాను. నాలుగో పేజీలో దొరికింది. “మరికొందరు మిశ్రమ స్పందన వ్యక్తం చేశారు.”

ఆ ‘మరికొందరు’లో ఆవిడ, వాళ్ల నాన్న, ఆ డిస్క్, దాన్ని చదవలేక చేతులెత్తేసిన ఖరీదైన ప్లేయర్ అన్నీ కలిసి మునిగిపోయాయి. నేను ఇంత పొడుగు ఉత్తరం రాయడానికి కారణం ఆ ఒక్క వాక్యం.

మిశ్రమ స్పందన అనేది ఏ మనిషికీ ఉండదయ్యా. ఆవిడకి బొమ్మ నచ్చలేదు, పూర్తిగా నచ్చలేదు. రిమోట్ మీద విసుగు, అదీ పూర్తిగానే. నాన్న గొంతు వినపడ్డప్పుడు కలిగింది ఏమిటో ఆవిడ రాయలేదు, కానీ అదీ సగం సగం అయ్యుండదు. ఈ మూడూ కలిపి రోట్లో వేసి దంచి మూడు స్టార్లు చేసింది కాగితం నింపడం కోసం. నువ్వు దాన్ని మళ్లీ దంచావు. ఒకడు ఐదిచ్చాడు, ఒకడు ఒకటిచ్చాడు, సగటు మూడు అంటావు. మూడిచ్చినవాడు అక్కడ ఎవడున్నాడు చెప్పు? లేనివాడి అభిప్రాయం మన నెత్తిన రుద్దుతున్నావు. ఇలాంటి వస్తువుల గురించి సాధారణంగా రాసేది పొంగిపోయినవాళ్లు, ఒళ్లు మండినవాళ్లు. మధ్యలో ఉన్నవాళ్లు సినిమా పెట్టుకుని చూసి పడుకుంటారు. సగటు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకో సంగతి. ఏడో కాగితంలో ఒకాయన, పంతొమ్మిదో కాగితంలో ఇంకొకాయన ఒకే మాట అన్నారు, బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తోందని. నువ్వు ఇద్దర్నీ కట్టగట్టి “చిత్ర నాణ్యతపై ఫిర్యాదులు ఉన్నాయి” అన్నావు. మళ్లీ చదువు. ఏడో ఆయన కొత్త టీవీ కొన్నాక ఇలా అయిందన్నాడు. ప్లేయర్ వెనకా టీవీ వెనకా పచ్చ సాకెట్టూ పసుపు సాకెట్టూ పక్కపక్కన ఉంటాయి. పసుపు తీగ రెండు చివర్లూ పసుపు దాంట్లోనే పెట్టాలి. ప్లేయర్ వైపు పొరపాటున పచ్చ సాకెట్లో గుచ్చితే వెలుతురు నీడల సమాచారం మాత్రమే వెళ్తుంది, రంగులు వెళ్లవు. బొమ్మ నలుపు తెలుపే. పంతొమ్మిదో ఆయనది అది కాదు. ఆయనకి కొన్ని డిస్కులు రంగుల్లోనే వస్తున్నాయి, విదేశం నుంచి చుట్టం తెచ్చిన డిస్కులు మాత్రమే రంగు పోతున్నాయి. అంటే డిస్క్ ఎన్‌టీఎస్‌సీ, టీవీకి తెలిసింది పాల్ ఒక్కటే. ఈ రెండూ టీవీకి రంగులు పంపే వేర్వేరు పద్ధతులు, మొదటిది అమెరికాలో, రెండోది మన దగ్గర వాడినవి. ప్లేయర్ సెట్టింగ్స్‌లో మార్చుకుంటే పోయేదానికి ఆయన ఒక్క స్టారిచ్చి తిట్టాడు. ఒకే ఫిర్యాదు, కారణాలు రెండు, అందులో ప్లేయర్ తప్పు రెండింట్లోనూ లేదు. ఈ సంగతి కొనబోయేవాడికి చెప్పకపోతే నీ వ్యాసం ఎందుకు?

ఇది నాకు ఎలా తెలుసంటావా? నేనూ ఆ పంతొమ్మిదో ఆయన్నే కాబట్టి. రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక ప్లేయర్ మీద “రంగులు కూడా చూపలేని పనికిమాలిన సరుకు” అని అచ్చులో రాసేశాను. ఆ వాక్యం చూసుకుని మురిసిపోయాను కూడా. వారం తిరక్కుండా ఒక పాఠకుడు కార్డు ముక్క రాశాడు. “అమ్మా, సెట్టింగ్స్‌లో టీవీ టైప్ అని ఉంటుంది, ఒకసారి మార్చి చూడండి.” మార్చాను. రంగులు వచ్చాయి. సిగ్గుతో ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు సంపాదకుడి దగ్గరికి వెళ్లి సవరణ వేద్దామన్నాను. “తప్పు ఒప్పుకుంటే పత్రిక పరువేం కావాలి?” అన్నాడు. వెయ్యలేదు. ఆ ప్లేయర్ తయారుచేసినవాళ్లకి నేను ఇప్పటికీ బాకీ ఉన్నాను. ఆయన మాత్రం హాయిగా రిటైరయ్యాడు.

ఆ మహానుభావుడే నా పేరులో సగం కొట్టేసి పొడి అక్షరాలు వేసినవాడు. ఆడపేరు కింద యంత్రాల గురించి రాస్తే జనం నమ్మరట. ఏడాది పాటు నాకు ‘అయ్యా’ అనే ఉత్తరాలొచ్చాయి. ఆ కార్డు రాసినాయన ఒక్కడే ‘అమ్మా’ అన్నాడు. ఎలా కనిపెట్టాడో ఇప్పటికీ అంతుబట్టలేదు. పోనీ, ఆ గొడవ ఇప్పుడెందుకు.

నీ రెండో పేజీ చూసి నవ్వొచ్చింది. “650 నానోమీటర్ల ఎర్ర లేజర్‌తో డిస్కులను చదవడం దీని ప్రత్యేకత” అని రాశావు. ఆవుకి నాలుగు కాళ్లుండటం దాని ప్రత్యేకతా? సీడీకి 780, డీవీడీకి 650, బ్లూ-రేకి 405. ఇవి ప్రమాణాలు. ఎంత ఖరీదైన డీవీడీ ప్లేయర్‌లో అయినా అదే ఎరుపు. ఒక పొర డిస్క్‌లో 4.7 గిగాబైట్లు, రెండు పొరల డిస్క్‌లో 8.5, అదీ అంతే. డబ్బా మీద 1080 అని చూసి “హై డెఫినిషన్ అనుభూతి” అని కూడా అన్నావు. డిస్క్‌లో బొమ్మకి ఉన్నవి 480 అడ్డగీతలు, పాల్ డిస్క్ అయితే 576. మిగతా గీతల్ని ప్లేయర్ ఉన్న గీతల మధ్య ఊహించి పూరిస్తుంది. కొన్ని ప్లేయర్లు నేర్పుగా పూరిస్తాయి, కొన్ని అలికేస్తాయి. ఇది ఎలా పూరిస్తోందో ఆ నలభై రెండు మందిలో ఇద్దరు చెప్పారు, పేర్లు పడే చోట అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తున్నాయని. అదీ పరిశీలన! దాన్ని వదిలేసి డబ్బాని ఎత్తిరాశావు.

ఈ డబ్బా ఎత్తిరాసే ఫ్యాషన్ పాతదే. 1996 చివర్లో జపాన్‌లో, మరుసటి ఏడాది అమెరికాలో డీవీడీ ప్లేయర్లు అమ్మకానికొచ్చాయి. ఆ తర్వాత అంకెల జాతర మొదలైంది. ఎన్ని బిట్లు, ఎన్ని మెగాహెర్ట్జ్‌లు అని. దాని తర్వాత స్టార్లు. ఆ తర్వాత ‘ప్లస్‌లు, మైనస్‌లు’ అంటూ గళ్లు గీసిన పట్టికలు. ఒక సంపాదకురాలైతే నా వ్యాసం చివర పట్టిక లేదని వెనక్కి పంపింది. “పాఠకుడికి టైము లేదండీ” అంది. టైము లేనివాడు రెండు గంటల సినిమా చూడటానికి ప్లేయర్ ఎందుకు కొంటాడని అడిగాను. మళ్లీ నాకు పని ఇవ్వలేదు. నువ్వు కూడా పట్టిక గీశావు. ప్లస్‌లలో ‘తేలికైనది’ అని, మైనస్‌లలో ‘తేలికైనది’ అని రెండు చోట్లా పెట్టావు, చూసుకున్నావా?

తేలిక అంటే గుర్తొచ్చింది. నా మొదటి చవక ప్లేయర్ పాడయ్యాక ప్లగ్ తీసి, మూత విప్పి చూశాను. లోపల సగం ఖాళీ! డిస్క్ తిప్పే డ్రైవు, అరచేతిలో పట్టే బోర్డు, పవర్ సప్లై, మిగతాదంతా గాలి. డబ్బా పెద్దదిగా ఉంటేనే జనానికి నమ్మకమని అలా చేస్తారు కాబోలు. ట్రేని బయటికి తోసేది ఒక చిన్న రబ్బరు బెల్టు. అది సాగిపోయి జారుతోంది. అందుకే ట్రే సగం వచ్చి ఆగిపోయేది, చేత్తో లాగితే వచ్చేది. బెల్టు మారిస్తే సరి. కానీ ఆ బెల్టు సాగడానికి నెలలో, ఏళ్లో పడుతుంది. నీ నలభై రెండు మందిలో ముప్పై మందికి పైగా కొన్న వారంలోపే అభిప్రాయం రాశారు. నువ్వు తేదీలు రాసుకున్నావు, శభాష్, మరి వ్యాసంలో ఒక్కటీ వాడలేదేం? “ట్రే చక్కగా పనిచేస్తోంది” అని మూడో రోజు రాసినవాడి మాటా, “ట్రే మొరాయిస్తోంది” అని పద్నాలుగో నెలలో రాసినవాడి మాటా నువ్వు ఒకే తక్కెడలో వేశావు. పద్నాలుగో నెల ఆయన ఒక్కడు చాలు నాకు.

‘స్ట్రక్ అవుతోంది’ అన్నవాళ్లు తొమ్మిది మంది. ఈ మాటని నువ్వు ‘అంతరాయం’ అని మార్చావు. ఎందుకు మార్చావు? జనం అనేది స్ట్రక్ అవుతోందనే. పైగా ఆ తొమ్మిదీ ఒకటి కావు. సినిమా మధ్యలో ఒక్కసారి, ప్రతిసారీ ఒకే చోట, అరక్షణం ఆగి సాగిపోతే అది రెండు పొరల డిస్క్‌లో లేజర్ ఒక పొర నుంచి రెండో పొరకి మారే చోటు. ఆగిన చోటే గళ్లు గళ్లుగా చెదిరితే గీతలు పడ్డ డిస్క్. ఏ డిస్క్ వేసినా ‘నో డిస్క్’ అంటే లెన్స్ మీద దుమ్ము, లేదా లేజర్ ముసలిదైంది. డిస్క్‌ని గుండ్రంగా తుడిచి గీతలు ఇంకా పెంచుకున్నవాడు కూడా ప్లేయర్‌నే తిడతాడు. మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలని ఎవరైనా చెప్పారా వాడికి? ఏ డిస్క్, ఎక్కడ, ఎన్నిసార్లు అని నువ్వు తిరిగి అడగాల్సింది.

“మాటలు వినపడవు, బాంబు పేలితే ఇల్లంతా లేచి కూర్చుంటుంది” అన్న పన్నెండో కాగితం నాకు బాగా నచ్చింది. దాన్ని నువ్వు “ధ్వని అసమతుల్యత” చేశావు. నీ భాషకి ఏమైంది? ఆయన ప్లేయర్ ఆరు స్పీకర్ల సెట్టింగ్‌లో ఉండి ఉంటుంది, తీగలు రెంటికే తగిలించి ఉంటాడు. మాటలు వచ్చే మధ్య స్పీకర్ లేనే లేదు. రెండు స్పీకర్ల స్టీరియోకి మార్చుకోమని ఒక్క వాక్యం రాస్తే ఇంటిల్లిపాదీ నీకు దణ్ణం పెడతారు.

చివరికి ఆవిడ డిస్క్ సంగతి. ఖరీదైనదాంట్లో ఆడనిది చవకదాంట్లో ఎందుకు ఆడిందో వ్యాసంలో ఒక పేరా ఉండాల్సింది. ఇంట్లో రికార్డు చేసిన డిస్క్ అచ్చు డిస్క్ కంటే కాంతిని తక్కువగా తిప్పి పంపుతుంది. తిరగరాసే రకమైతే ఇంకా తక్కువ. ఈ రికార్డు చేసే డిస్కుల్లో డీవీడీ+ఆర్ అనే ప్లస్ రకం, డీవీడీ-ఆర్ అనే డాష్ రకం అని మళ్లీ రెండు జాతులు. కొన్ని పాత ప్లేయర్లకి ఒక జాతే తెలుసు. ధరకీ దీనికీ సంబంధం లేదు. అరిగిన డిస్కుల్ని, ఇంటి డిస్కుల్ని అడ్డమైన చవక ప్లేయర్లూ మారు మాట్లాడకుండా ఆడించెయ్యడం నేను ఎన్నిసార్లు చూశానో. నీ వ్యాసం ఆ డిస్క్‌తోనే మొదలవ్వాలి. ఆవిడ చెప్పిన మూడు వాక్యాలూ ఉన్నవి ఉన్నట్టు వెయ్యి, వరస కూడా మార్చకు. బొమ్మ, రిమోట్, నాన్న. ఆ వరస నువ్వూ నేనూ కల్పించలేం.

మిగతా నలభై ఒక్కరిలో ఎనిమిది మందిని ఉంచి తక్కినవి తీసెయ్యి. పట్టిక తీసెయ్యి. “ధరకు తగ్గ వస్తువు” నాలుగుసార్లు వాడావు, నాలుగూ తీసెయ్యి. కంపెనీ ఉచితంగా ప్లేయర్ పంపితే తీసుకోవచ్చా అని అడిగావు, దాని మీద నాకు చాలా ఉంది, ఇంకో ఉత్తరానికి సరిపడా. కలం పేరు పెట్టుకోవాలా అని కూడా అడిగావు, ఆ సంగతి నన్నే అడగాలా!

రెండో రాత పంపు. కాగితాలు తిరుగు టపాలో పంపుతున్నాను, చదవడంలో ఒకటి రెండు నలిగాయి.

ఆశీస్సులతో.

తా.క. ముప్పై ఒకటో కాగితం ఆవిడ నీకు మళ్లీ దొరికితే, ఆ డిస్క్‌కి వెంటనే నకలు తీయించుకోమను. ఇంట్లో రికార్డు చేసిన డిస్కుల్లో సమాచారం దాచే రంగు పొర ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. ఆడించే ప్లేయర్ ఇంట్లో ఉండగానే ఆ పని చేయించాలి. వ్యాసం ఆలస్యమైనా ఫరవాలేదు, ఇది ముందు చెప్పు.